పండ్ల గబ్బిలాలు ఎగిరే దారి త్రీడీలో కావాలి, రెండు ఫోన్లు సరిపోతాయా?

మర్రిచెట్టు_గుంటూరు: మా ఊరి చివర మర్రి మీద పండ్ల గబ్బిలాలు వందల్లో వేలాడుతుంటాయి. పొద్దుగూకాక ఏ ఎత్తులో, ఎంత వేగంతో, ఒకదానికొకటి ఎంత ఎడంగా పోతాయో కొలవాలని ఉంది. రెండు ఫోన్లున్నాయి, పైథాన్ వచ్చు. వీడియోలో గబ్బిలాల్ని గుర్తుపట్టడానికి ఏ ఏఐ మోడల్‌తో మొదలుపెట్టాలి? ఎన్ని ఉన్నాయో లెక్క కూడా తేలుతుందా?

తూనీగ_శ్రీను: మోడల్ సంగతి తర్వాత, ముందు షట్టర్ చూడండి, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా ఎంతసేపు వెలుగు తీసుకుంటుందో. చీకటి పడేకొద్దీ ఫోన్ దాన్ని తనంతట తానే నెమ్మది చేస్తుంది. సెకనులో 1/50 వంతుకి దిగిందంటే, సెకనుకు 8 మీటర్లు పోయే గబ్బిలం ఒక్క ఫ్రేములో 16 సెంటీమీటర్లు సాగిపోయి కనబడుతుంది. ఆ మసకలో రెక్క కొస ఎక్కడుందో మనకే తెలీదు, మోడల్ ఏం చెబుతుంది? నేను తూనీగల్ని మిట్టమధ్యాహ్నం 1/2000లో తీస్తాను, ముందు రెక్కల జత, వెనక జత ఎప్పుడు కలిసి కొడుతున్నాయో ఎప్పుడు విడిగా కొడుతున్నాయో స్పష్టంగా తెలుస్తుంది.

కొల్లేరు_వాసి: అయితే ముందు పగటిపూట గూడబాతులతో అలవాటు చేసుకోండి, పెద్ద పిట్టలు, నింపాదిగా రెక్క కొడతాయి. ఉప్పలపాడు చెరువు మీకు దగ్గరే కదా. గూళ్లున్న చెట్టుని మాత్రం ఫ్రేములోకి రానివ్వకండి, గాలికి కొమ్మ ఊగితే సాఫ్ట్‌వేర్ దాన్నీ పిట్టల్లో కలిపేస్తుంది.

పాత_కెమెరా: అసలు మాట వదిలేశారు. రెండు కెమెరాలూ ఒకే క్షణాన్ని చూడకపోతే త్రీడీ లేదు. రికార్డింగ్ మొదట్లో గట్టిగా చప్పట్లు కొట్టి ఆడియో కలపండి, అయిపోయింది.

సిగ్నల్_రమ్య: అవ్వదండీ. చప్పట్లు కొట్టే మనిషి ఒక ఫోన్ పక్కనుండి, రెండోది 20 మీటర్ల అవతల ఉంటే శబ్దం అక్కడికి చేరడానికి 58 మిల్లీసెకన్లు పడుతుంది. 60 ఎఫ్‌పీఎస్‌లో, అంటే సెకనుకు 60 ఫ్రేములు తీస్తే, అది మూడున్నర ఫ్రేములు.

పాత_కెమెరా: మల్టీ కెమెరా షూటింగ్ నా బతుకుతెరువమ్మా. ఏ రోజూ ఇబ్బంది రాలేదు.

సిగ్నల్_రమ్య: పెళ్లి వీడియోలో పెదాలు, మాట కలిస్తే చాలు. ఇక్కడ 58 మిల్లీసెకన్లలో గబ్బిలం దాదాపు అర మీటరు వెళ్లిపోతుంది, ఆయన కొలవాలనుకున్న ఎడమే అంత ఉండొచ్చు. పైగా ఫోన్ ఫ్రేములు సమానమైన వ్యవధిలో రావు, మొదట్లో కలిసినవి పది నిమిషాలకు జారిపోతాయి. రెండింటికీ కనబడేలా చిన్న ఎల్‌ఈడీ పెట్టి మధ్యమధ్యలో వెలిగించాలి.

పాత_కెమెరా: మధ్యలో నిలబడి కొడితే రెండింటికీ ఒకేసారి వినబడుతుంది కదా! అనుభవం ఉన్నవాళ్ల మాట వినకుండా లెక్కలు చెబితే ఎలా?

రాత్రి_సంచారి: గొడవ ఆపండి. ఎల్‌ఈడీని చెట్టువైపు తిప్పకండి, అదే నా బాధ. పండ్ల గబ్బిలాలు చిన్న గబ్బిలాల్లా ప్రతిధ్వని మీద ఆధారపడవు, కళ్లతోనే దారి చూసుకుంటాయి. మా దగ్గర ఎవరో వీడియో కోసం ఫ్లడ్‌లైట్ వేస్తే గుంపంతా చెదిరిపోయింది, పిల్లల్ని పొట్టకు కరుచుకుని ఉన్న తల్లులు కూడా లేచాయి. ఆకాశంలో మిగిలిన వెలుగులో వచ్చినంతే తీయండి.

తూనీగ_శ్రీను: అవును, ఆ వెలుగులో నల్లటి ఆకారం తేలిగ్గా దొరుకుతుంది కూడా.

రోమా_నుంచి_రవి: ఇక్కడ 2008లో వచ్చిన స్టార్లింగ్ పిట్టల పరిశోధన చదవండి. ఒక భవనం పైకప్పు మీంచి స్టీరియో ఫొటోలు (ఒకే క్షణంలో వేర్వేరు చోట్ల నుంచి తీసినవి) తీసి వేల పిట్టల స్థానాలు రాబట్టారు. ఒక్కో పిట్ట తనకు దగ్గరగా ఉన్న ఆరేడింటినే, అవి ఎంత దూరంలో ఉన్నా, పట్టించుకుంటుందని తేలింది. ఆ బృందంలోని జోర్జో పరీసీకి 2021లో నోబెల్ వచ్చింది.

కొల్లేరు_వాసి: నోబెల్ ఈ పనికి కాదు, వేరే భౌతికశాస్త్రానికి.

సిగ్నల్_రమ్య: లెక్క గురించి అడిగారు, ఎవరూ పట్టించుకోలేదు. అమెరికాలో ఆరు పెద్ద గుహల గబ్బిలాలు 1957 అంచనాలో 5.4 కోట్లు. ఒంటి వేడిని చూసే థర్మల్ కెమెరాలతో తీసి, ఆ వీడియోను కంప్యూటర్‌తోనే లెక్కపెట్టిస్తే సుమారు 40 లక్షలే వచ్చాయి. అంటే కంటి అంచనాను నమ్మకండి. ఒకదాన్నొకటి దాటినప్పుడు ట్రాకర్ (ఒక్కో గబ్బిలాన్ని ఫ్రేము ఫ్రేముకూ వెంబడించే సాఫ్ట్‌వేర్) ఒకదాని పేరు ఇంకోదానికి పెట్టేస్తుంది, ఆ చోట్లు చేత్తో సరిచూడాలి.

మర్రిచెట్టు_గుంటూరు: అందరికీ థ్యాంక్సండీ. స్కేలు, అంటే వీడియోలోని దూరం నిజంగా ఎన్ని మీటర్లో, ఎలా తేల్చాలి? రెక్కల వెడల్పు పుస్తకంలో చూసి వేసేద్దామా?

సిగ్నల్_రమ్య: వద్దు, పిల్లదానికీ పెద్దదానికీ తేడా ఉంటుంది. కొలత తెలిసిన పొడుగాటి కర్ర రెండు కొసలకూ రంగు బంతులు కట్టి, రెండు ఫోన్ల ముందూ ఊపండి. తర్వాత ఒక బంతి పైకి విసిరి దాని త్రీడీ దారి గీయండి. కిందికి లాగే గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 9.8 మీటర్ల దగ్గర రాకపోతే గబ్బిలాల జోలికి వెళ్లకండి.

పాత_కెమెరా: ఆ బంతి మాట బాగుంది. చప్పట్ల మాట మాత్రం నేను ఒప్పుకోను.