అప్‌డేట్: మా వాడు మళ్లీ వంటింట్లోకి వచ్చాడు

పోయిన నెల అడిగాను కదా, ఎనిమిదో తరగతి చదివే మా వాడు, ఫ్రెండ్స్ ‘ఆడంగి’ అని ఏడిపించారని ఇంటిపని ముట్టుకోవడమే మానేశాడు, ఏం చెప్పాలి అని. ‘చెప్పకండి, ముందు మీరు చేయండి’ అని ఒకరు రాశారు. ఆ మాట మనసుకు తగిలింది. 2019 జాతీయ టైమ్ యూజ్ సర్వేలో, రోజులో ఇంటిపని చేసినవాళ్లు ఆడవాళ్లలో నూటికి 81 మంది, మగవాళ్లలో 26 మందే. నేను ఆ 26లో లేను.

మర్నాటి నుంచి పొద్దున్నే గిన్నెలు నేనే తోముతున్నాను. ‘కోడలుండగా నీకేం ఖర్మరా’ అని మా అమ్మ రెండు రోజులు ముఖం చాటేసింది. నాలుగో రోజు మా వాడు ఏమీ అనకుండా వచ్చి, కడిగిన గిన్నెలు ఒక్కొక్కటే బోర్లించాడు. ఇప్పుడు రాత్రి అన్నం వండేది వాడే. బియ్యం మీద వేలు ఆనించి మొదటి గీత దాకా నీళ్లు పోస్తాడు. ఆ కొలత నేర్పింది మా అమ్మే!

బళ్లో వెక్కిరింతలు మాత్రం ఆగలేదు. మొన్న సాయంత్రం వచ్చి ఏడ్చాడు. ‘మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా’ అనేవాణ్ణి ఇదివరకైతే. ఈసారి పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి వాడే అడిగాడు, ‘నాన్నా, నిన్ను కూడా అన్నారా చిన్నప్పుడు?’ అన్నారని చెప్పాను.