ఈ వారం సమస్య: ‘ఎరుగ ననెడివాడె యెరుగు నిజము’

నిర్వాహకుడు: ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇచ్చాను. పై మూడు పాదాలు రాసి దీనికి అర్థం కుదర్చాలి. ఇక మీ ఇష్టం.

గోదారిగట్టు:
వీధి వీధి తిరిగి విబుధుల నడిగెను
గ్రీకు తాత, ‘తెలివి కేది గురుతు?’
బిరుదులున్నవారు బింకమె చూపిరి
ఎరుగ ననెడివాడె యెరుగు నిజము

పల్లెటూరి మాస్టారు: నడక బాగుంది. ‘గ్రీ–కే’ యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ పొత్తు, చక్కగా పడింది. కాకపోతే ఆ గ్రీకు తాత, తత్త్వవేత్త సోక్రటీసు కథ మీరు సగమే చెప్పారు. ఆయన్ని మించిన జ్ఞాని లేడని డెల్ఫీ గుడిలో దేవవాణి అంటే, నమ్మకం కుదరక నాయకుల్నీ కవుల్నీ చేతిపనివాళ్లనీ కదిపి చూశాడు. చేతిపనివాళ్లకు వాళ్ల పని నిజంగానే తెలుసని ఒప్పుకున్నాడు కూడా. కవులేమో తమ పద్యాలకు తామే అర్థం చెప్పలేకపోయారట! క్రీ.పూ. 399లో తన మీద జరిగిన న్యాయవిచారణలో ఆయనే ఇదంతా అన్నట్టు శిష్యుడు ప్లేటో రాశాడు. ఆ కవుల సంగతి మాత్రం మనకూ కాస్త తగిలేదే.

కందిపచ్చడి:
వచ్చినట్టి కబురు పదుగురి కంపక
మూల మేది యనుచు ముందు వెదకి
తనకు నచ్చుమాట తప్పేమొ యనుకొని
ఎరుగ ననెడివాడె యెరుగు నిజము

నిర్వాహకుడు: మూడో పాదమే ప్రాణం. నచ్చని కబురును ఎవరైనా అనుమానిస్తారు.

కొత్తగొంతు: ఇది నా రెండో పద్యం, టెన్షన్‌గా ఉంది.
పొట్ట తడిమి చూచి ‘పూర్తిగా తెలియదు,
రేపు నెత్తురిచ్చి రండు మరల’
అన్న వైద్యు కడకె యందరు పోదురు
ఎరుగ ననెడివాడె యెరుగు నిజము

నిర్వాహకుడు: భావానికి నూటికి నూరు. రెండో పాదంలో యతి తప్పింది. ‘రే’కి ‘రం’ కుదరదు, హల్లు ఒకటే అయినా అచ్చు కలవాలి. ‘నెత్తురిచ్చి మరల నేడె రండు’ అంటే సరి.

కొత్తగొంతు: సరిచేశాను గురువుగారూ. ఒక మాట అడగొచ్చా? సమస్య అంటే చదవగానే అసంబద్ధంగా తోచాలి కదా. ఇందులో చిక్కేముంది? సామెతలా ఉంది. పైగా పరీక్షలో తెలియదని రాసిన మా తమ్ముడికి సున్నా వచ్చింది.

నిర్వాహకుడు: దొరికిపోయాను. రాత్రి పాదం తట్టింది, గణాలు సరిపోయాయి, అంతే పెట్టేశాను. పూరించి చూసుకోలేదు. మీరైతే ఏమిస్తారు?

కొత్తగొంతు: ‘పండితుండె మొదటి పామరుండు’.

నిర్వాహకుడు: ఇదీ సమస్యంటే! వచ్చే వారం ఇదే. ఈసారి ముందు నేను పూరించి చూశాకే పెడతాను.