‘ఆవకాయ & గోంగూర’ అని పెడితే వాట్సాప్‌లో గోంగూర రావట్లేదు

పచ్చళ్ల కొట్టు, బ్రాడీపేట:
నమస్తే అండీ. గుంటూరులో మా అమ్మ, నేను ఇంట్లోనే పచ్చళ్లు పట్టి అమ్ముతాం. వెబ్ పేజీ నేనే నేర్చుకుని కట్టాను. ప్రతి పచ్చడి కింద ఆర్డర్ బటన్ ఉంటుంది. అది నొక్కితే వాట్సాప్‌లో మెసేజ్ రాసిపెట్టి ఉండాలి. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క కాంబోతోనే చిక్కు. నేను పెట్టింది ‘ఆవకాయ & గోంగూర, చెరో అర కిలో’. కస్టమర్ ఫోన్‌లో వస్తున్నది ‘ఆవకాయ’ ఒక్కటే.

పోయిన వారం విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక పెద్దావిడ ఆర్డర్ పంపారు. ఆవకాయ అనే ఉంది కదా అని అదే కట్టి పంపాం. ఊరెళ్లే మనవడి కోసం ఆవిడ అడిగిందే గోంగూర. ఫోన్‌లో ఆవిడ గొంతు విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు ఎక్కడుందో చెప్పండి.

కృష్ణలంక కోడర్:
అక్కా, తప్పంతా ఆ & గుర్తు దగ్గరే. వెబ్ అడ్రస్‌లో ప్రశ్న గుర్తు తర్వాత వచ్చే భాగంలో & అంటే ‘ఈ వివరం అయిపోయింది, ఇంకోటి మొదలు’ అని అర్థం. అందుకే మెసేజ్ అక్కడే తెగిపోయింది. # పెట్టినా ఇంతే, దాని తర్వాతది అసలు సర్వర్‌కే వెళ్లదు. ‘ఇంటి నెం. #12’ లాంటివి ఉంటే అవీ చూసుకోండి.

ఇలాంటి గుర్తు మామూలు అక్షరంగా వెళ్లాలంటే శాతం గుర్తు, దాని వెనక రెండు గుర్తుల కోడ్ (అంకెలు గానీ, ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు గానీ) రాయాలి. & అయితే %26, ఖాళీ అయితే %20. ఈ పద్ధతిని 2005లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3986లో రాసిపెట్టారు. చేత్తో మార్చకండి. జావాస్క్రిప్ట్‌లో ఎన్‌కోడ్‌యూఆర్ఐకాంపొనెంట్ అని ఈ మార్పు తనే చేసే ఫంక్షన్ ఉంది, మెసేజ్‌ని మాత్రం దాంట్లోంచి పంపండి. పేరు చివర కాంపొనెంట్ లేనిది ఇంకోటి ఉంటుంది, అది & జోలికి పోదు. మీరు వాడింది అదేనేమో.

పచ్చళ్ల కొట్టు, బ్రాడీపేట:
అదే తమ్ముడూ, కాంపొనెంట్ లేనిదే! మార్చాను, గోంగూర వచ్చింది. చాలా థాంక్స్.

ఇప్పుడు ఇంకో టెన్షన్. బటన్ నొక్కాక నా పేజీలోనే ‘మీ ఆర్డర్’ అని ఒకటి తెరుచుకుంటుంది, పచ్చడి పేరు అడ్రస్‌లోంచి తీసుకుంటుంది. ‘100% పప్పునూనె ఆవకాయ’ నొక్కితే మాత్రం ఆ పేజీ తెల్లగా ఉండిపోతోంది.

కృష్ణలంక కోడర్:
పేరు తీసుకోవడానికి, అడ్రస్‌లోని వివరాల్ని విడదీసి ఇచ్చే యూఆర్‌ఎల్‌సెర్చ్‌పారామ్స్ వాడి, తర్వాత మళ్లీ డీకోడ్ (కోడ్‌ని తిరిగి అక్షరంగా మార్చడం) చేస్తున్నారా? అది ఇచ్చేటప్పటికే డీకోడ్ అయిపోయి ఉంటుంది. అడ్రస్‌లో %25గా వెళ్లిన శాతం గుర్తు మీ చేతికి వచ్చేసరికి మళ్లీ ఉత్త % అయిపోతుంది. రెండోసారి డీకోడ్ చేస్తే ఆ % వెనక కోడ్ కోసం వెతుకుతుంది. అక్కడ ఉన్నది ఖాళీ, ఆ తర్వాత ‘పప్పునూనె’. వెంటనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మిగతా పచ్చళ్ల పేర్లలో % లేదు కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. ఆ రెండో డీకోడ్ తీసేయండి చాలు.

గవర్నర్‌పేట డీటీపీ:
అమ్మా, లేబుళ్లు వేసేవాణ్ణి, నాకు తెలిసింది రెండు ముక్కలు చెప్తాను. ఈ లింకుల్నే సీసాల మీద క్యూఆర్‌గా వేయించాలనుకుంటే తెలుగు పేర్లు పెట్టొద్దు. కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో మన అక్షరం ఒక్కోటి మూడు బైట్లు, అడ్రస్‌లో ఒక్కో బైటుకి % తో కలిపి మూడు గుర్తులు. ఒక్క ‘గ’ అడ్రస్‌లో %ఈ0%బీ0%97 అవుతుంది, అంటే తొమ్మిది గుర్తులు. గుణింతం, సున్న విడిగా లెక్క, కాబట్టి ‘గుంటూరు’ అనే ఒక్క మాటకే 63 గుర్తులు. లింక్ పొడుగైన కొద్దీ క్యూఆర్‌లో గళ్లు సన్నబడతాయి. పావుకిలో సీసా లేబుల్ మీద అంత సన్నటి గళ్లు, పైగా నూనె మరక తగిలితే, ఫోన్ చదవదు. అడ్రస్‌లో 7, 12 అని నంబర్ పెట్టి, తెలుగు పేరు పేజీలో చూపించండి.

ఇంకోటి. ‘నాన్‌వెజ్’ అని విడిగా కనపడాలని టైప్ చేసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు పడుతుంది. అది పడకపోతే ‘నాన్వెజ్’ అని ఒత్తు వస్తుంది. చదివేవాళ్లకి రెండూ ఒకటే, అడ్రస్‌కి మాత్రం రెండూ వేరు.

పచ్చళ్ల కొట్టు, బ్రాడీపేట:
బాబాయ్ గారూ, మీరు చెప్పాక వెతికాను. మా నాన్‌వెజ్ పేజీ లింక్ అమ్మ ఫోన్‌లో టైప్ చేసి చుట్టాలకి పంపింది, ఒత్తుతో. అది నొక్కిన వాళ్లకి ‘పేజీ లేదు’ అని వస్తోంది. ఈ రాత్రికి అన్నిటికీ నంబర్లు పెట్టేస్తాను. రెండో డీకోడ్ కూడా తీసేశాను, పప్పునూనె ఆవకాయ తెరుచుకుంటోంది. పెద్దావిడకి రేపు పొద్దున బస్సులో గోంగూర పంపుతున్నాం, అర కిలో కాదు, కిలో.