ఇంట్లో పాత పటాలు: కొనడానికి వచ్చినవాడు చెప్పిన ధర నమ్మొచ్చా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అందరికీ నమస్కారం. తాతగారి పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే మూడు వస్తువులు బయటపడ్డాయి. ఒకటి లక్ష్మీదేవి పటం. చీర మీద జరీ, చమ్కీలు అతికించి ఉన్నాయి, కింది అంచున ‘రవివర్మ ప్రెస్’ అని ఇంగ్లీషులో ఉంది. రెండోది డబ్బా నిండా గుండ్రటి గంజపా చీట్లు, అంటే పాతకాలపు పేకముక్కలు. మూడోది వ.పా. (పత్రికల ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య) సంతకంతో ఒక నీటిరంగుల బొమ్మ. విశాఖ నుంచి పాతసామాన్ల వ్యాపారి వచ్చి, మూడూ కలిపి నలభై వేలు, ఇప్పుడే క్యాష్ అన్నాడు. బాబాయి ఇచ్చేద్దాం అంటున్నారు. అత్త మాత్రం ముందు ఎవరిచేతనైనా విలువ కట్టిద్దాం అంటుంది. అన్నట్టు, న్యూజెర్సీలో ఉన్న మా అక్క లక్ష్మి పటం తను తీసుకెళ్తానంటోంది. మీరేమంటారు?

బరంపురం బాబు
మీ బాబాయిగారే రైటు. మన గంజాం, గజపతి జిల్లాల్లో ఇలాంటివి కొనేవాళ్ళు ఎక్కడున్నారు? విలువ కట్టేవాడు కాగితం మీద లక్ష రాస్తాడు, ఫీజు తీసుకుంటాడు, వెళ్ళిపోతాడు. ఆ లక్ష ఎవడిస్తాడు? కొనేవాడు చేతిలో పెట్టిందే ధర.

జయపురం మేష్టారు
బాబూ, కొనేవాడు చేతిలో పెట్టింది ధరే, కాదనను. కానీ తక్కువకి కొంటేనే లాభం ఉన్న మనిషి నోట వచ్చిన మాటని విలువ అనకూడదు. అసలు ‘మూడూ కలిపి’ అన్నాడు చూశారా, నాకు అనుమానం అక్కడే. ఒకదాని ధర ఇంకోదాని వెనక దాచేసే పద్ధతి అది. మూడూ వేరు వేరు వస్తువులు. మూడింటికీ మార్కెట్లూ వేరే.

లక్ష్మి పటం మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. 2023లో రవివర్మ ‘యశోదాకృష్ణులు’ 38 కోట్లు పలికిందని పేపర్లో చదివి చాలామంది ఇంట్లో పటాలు దించి చూసుకున్నారు. అది ఆయన చేత్తో వేసిన నూనెరంగుల చిత్రం. మీది అచ్చు పటం. ఆ ప్రెస్సు 1894లో బొంబాయిలో మొదలైంది, తర్వాత లోణావళా దగ్గర మళవలికి మారింది, రవివర్మ అమ్మేశాక కూడా దశాబ్దాల పాటు అచ్చువేసింది. భూతద్దం పెట్టి లక్ష్మి బుగ్గ చూడండి, చిన్న చిన్న చుక్కలు కనబడతాయి. అయితే కింది అంచు కత్తిరించకుండా అక్షరాలతో సహా ఉండటం మంచిది. ఫ్రేములో పట్టలేదని ఆ అంచు కోసి పారేసిన పటాలే ఎక్కువ. పాత జరీపని ఊడకుండా ఉంటే దాన్ని వెతుక్కుని కొనేవాళ్ళు ఉన్నారు.

గంజపా చీట్లని రంగులవారీగా పేర్చండి. రంగుకి రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా, మొత్తం 12. ఎనిమిది రంగుల కట్టయితే 96 ఉండాలి. పది రంగులదైతే 120, పన్నెండు రంగులదైతే 144. కట్ట నిండుగా ఉంటే ఒక లెక్క, నాలుగు పోతే ఇంకో లెక్క.

ఇక వ.పా. బొమ్మ. వెనక్కి తిప్పండి. సబ్బు ప్రకటన కనబడిందా, అది ఎవరో పత్రిక నుంచి కత్తిరించి కట్టించిన ముఖచిత్రమే. ఖాళీ కాగితమైతే మాత్రం తెలిసినవాళ్ళకి చూపించాల్సిందే, ఎందుకంటే అచ్చయిన ముఖచిత్రాలు చూసి వేసిన నకళ్ళూ ఉంటాయి.

కాశీనగర్ కుర్రాడు
మేష్టారూ, పటానికి బూజు పట్టి ఉంటే తుడిపించి లామినేషన్ చేయిస్తే రేటు పెరగదా?

జయపురం మేష్టారు
వద్దు నాయనా, ఆ పని మాత్రం చేయకండి! లామినేషన్ చేస్తే మళ్ళీ తీయలేరు, పటం పోయినట్టే. తడిగుడ్డ కూడా పెట్టొద్దు. అద్దానికి బొమ్మ అతుక్కుని ఉంటే ఫ్రేము విప్పే ప్రయత్నమూ వద్దు.

గోపాల్‌పూర్ అక్క
విలువ కట్టించేముందు దేనికోసమో చెప్పాలి. ఇన్సూరెన్స్ కోసమైతే అలాంటిది మళ్ళీ కొనాలంటే ఎంతవుతుందో రాస్తారు, అంకె పెద్దగా ఉంటుంది. అమ్మకానికైతే అంత రాదు. వేలం సంస్థ ఇంత నుంచి ఇంత అని అంచనా ఇస్తుంది, అందులోంచి అమ్మేవాళ్ళ కమీషన్ పోతుంది. కొనేవాళ్ళు పైన కట్టే ప్రీమియం కూడా సంస్థదే, మనది కాదు. పేపర్లో పడే అంకెలో చాలాసార్లు అది కూడా కలిసే ఉంటుంది.

ఫీజు దండగ అన్న బాబుగారికి ఒక మాట. బొమ్మలు ఇంటి సామాను కిందికి రావు, అమ్మితే లాభం మీద పన్ను ఉంది. రెండేళ్ళు దాటినవాటికి 2024 జులై నుంచి 12.5 శాతం. వారసత్వంగా వచ్చిన పాత వస్తువుకి 2001 ఏప్రిల్ 1 నాటి విలువని కొన్నధరగా చూపించుకోవచ్చు. దానికి రిజిస్టర్డ్ వాల్యూయర్ (ప్రభుత్వ గుర్తింపుతో విలువ కట్టేవాళ్ళు) రిపోర్టు కావాలి. పెద్ద మొత్తమైతే ఆ ఒక్క కాగితమే ఫీజుకి ఎన్నో రెట్లు మిగులుస్తుంది. కాకపోతే విలువలో ఇంత శాతం ఫీజు అనేవాడి దగ్గరికి వెళ్ళొద్దు. పెంచి రాస్తే వాడికే లాభం.

మీ అక్కగారికి చెప్పండి, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటినవి సూట్‌కేసులో పెట్టుకుని దేశం దాటించడం నేరం. అచ్చయిన కాలం తేలకపోతే ముందు పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకోమనండి.

బరంపురం బాబు
పన్ను, కమీషన్, ఫీజు, పైగా ఫ్రేముని హైదరాబాదో కోల్‌కతానో మోసుకెళ్ళే ఖర్చు! నలభై వేలకి ఇంత టెన్షన్ అవసరమా?

జయపురం మేష్టారు
మోసుకెళ్ళమని ఎవరన్నారు? పగటి వెలుతురులో ముందు, వెనక, సంతకం, అంచులు ఫొటోలు తీసి, కొలతలు రాసి పంపితే పెద్ద వేలం సంస్థలు ప్రాథమిక అంచనా ఊరికే చెబుతాయి. వాళ్ళకి ఆసక్తి లేదంటే అదీ ఒక సమాచారమే. తాతగారికి అవి ఎలా వచ్చాయో అత్తగారికి తెలిసినంతా రాసి పెట్టండి. గోడ మీద ఆ పటం కనబడే పాత పెళ్ళి ఫొటో ఉంటే ఇంకా మంచిది.

ఇంకోటి. వ.పా. బొమ్మ అసలుదై పదివేలు దాటి అమ్ముడైతే, కాపీరైట్ చట్టం 53ఎ సెక్షన్ కింద చిత్రకారుడి వారసులకి అందులో వాటా అడిగే హక్కుంది, 10 శాతం మించకుండా. ఆయన పోయింది 1992లో, కాపీరైట్ గడువు 2052 దాకా ఉంది. కాకపోతే ఆ బొమ్మ కాపీరైట్‌కి మొదటి హక్కుదారు ఆయనే అయి ఉండాలి. అడిగినా అడగకపోయినా ఇవ్వడం ధర్మం.

బరంపురం బాబు
ధర్మమా! ఇన్నేళ్ళు చెదపట్టకుండా కాపాడింది వీళ్ళ తాతగారు. ఆయన కూలి ఎవరిస్తారు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అత్త కూర్చుని పేర్చింది. ఎనిమిది రంగులు, 91 చీట్లు. బొమ్మ వెనక ఖాళీ కాగితమే. వ్యాపారికి ఫోన్ చేసి చీట్లు, పటం మాత్రం ఇస్తాం ఎంతకి తీసుకుంటారు అని అడిగితే, “విడిగా అయితే వద్దండీ” అని పెట్టేశాడు. ఫొటోలు రేపు పంపుతున్నాం. 10 శాతం సంగతి మాత్రం ఇంట్లో తేలలేదు.

బరంపురం బాబు
విడిగా వద్దన్నాడా? అయితే వాడి కన్ను ఆ బొమ్మ మీదే. ఫొటోలకి జవాబు వచ్చేదాకా ఏదీ గడప దాటించకండి. ఇంతవరకు మేష్టారిదే రైటు. 10 శాతం మాత్రం నేనొప్పుకోను.