గినీ 25.5కు దిగితే అసమానత తగ్గినట్టేనా?

ప్రశ్న: డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతున్నాను. భారతదేశపు గినీ సూచిక (అసమానతను 0 నుంచి 100 వరకు కొలిచే అంకె, ఎంత తక్కువైతే అంత సమానత) 2011-12లో 28.8 ఉండగా 2022-23 నాటికి 25.5కు తగ్గిందని ప్రపంచ బ్యాంకు అంటోంది. అదే 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం పైనున్న ఒక్క శాతం మందికే చేరిందని ప్యారిస్‌లోని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ లెక్కగట్టింది. "వీటిలో ఏది తప్పు మేడమ్?" అని ఒక విద్యార్థిని అడిగితే వెంటనే జవాబు తోచలేదు. అసలు ప్రభుత్వం ఏ అంకెను లక్ష్యంగా పెట్టుకోవాలి?

జవాబు 1: రెండూ తప్పు కావండి, కొలిచిన వస్తువే వేరు. మొదటిది కుటుంబాల ఖర్చు, రెండోది ఆదాయం. నెలకు 20 వేలు వచ్చే ఇంట్లో 20 వేలూ ఖర్చయిపోతాయి. 5 లక్షలు వచ్చే ఇంట్లో లక్షన్నర ఖర్చయి మిగిలినది బ్యాంకుకో, భూమికో వెళుతుంది. ఆదాయంలో తేడా 25 రెట్లు, ఖర్చులో ఏడున్నర రెట్లే. అయితే రెండో లెక్క కూడా పన్ను వివరాలు, సర్వేలు, జాతీయ గణాంకాలు కలిపి వేసిన అంచనాయే కనుక దాన్నీ వేదవాక్కుగా తీసుకోనక్కరలేదు.

జవాబు 2: సర్వే పనిలో కొన్నాళ్లు తిరిగినవాణ్ణి. వరుస ఇళ్లలో ఒక ఇల్లాలు కొత్తిమీర కట్ట ధరతో సహా చెప్పి టీ ఇచ్చి పంపింది. పక్క వీధిలోని అపార్టుమెంటులో "సారు లేరు" అంటూ వాచ్‌మన్ మూడుసార్లు గేటు దగ్గరే ఆపేశాడు. పై మెట్టు లెక్కలోకి సరిగా రాకపోతే ఏ సూచికైనా తక్కువే చూపిస్తుంది.

జవాబు 3: అందుకే గినీని ఇన్ని పాయింట్లు తగ్గిస్తామనే లక్ష్యం నాకు రుచించదు. 2030 నాటికి అట్టడుగు 40 శాతం మంది ఆదాయం దేశ సగటు కంటే వేగంగా పెరగాలన్న ఐక్యరాజ్యసమితి లక్ష్యం మేలు. మనం చూడవలసిన మనుషులెవరో అది చెబుతుంది. పథకాల ప్రభావాన్ని కూడా విడిగా కొలవాలి. 2022-23 నాటి ప్రభుత్వ కుటుంబ ఖర్చుల సర్వేలో గ్రామీణ తలసరి నెలసరి ఖర్చు రూ. 3,773, ఉచితంగా అందిన బియ్యం వంటి వస్తువుల విలువ కలిపితే రూ. 3,860. సగటున 87 రూపాయలే, కానీ అట్టడుగు కుటుంబానికి ఆ బియ్యం బరువు వేరు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. ఆ 20 వేలు, 5 లక్షల లెక్కనే రేపు బోర్డు మీద వేసి, అట్టడుగు 40 శాతం వాటాను పిల్లల చేతనే లెక్క కట్టిస్తాను.