బెరెట్టా సిల్వర్ పిజియన్‌కు బయటి కంపెనీ చోక్ ట్యూబులు: ఏవి తీసుకోవాలి?

ప్రశ్న (హ్యూస్టన్ నుంచి)

అందరికీ నమస్కారం. ఇటీవల నేను బెరెట్టా 686 సిల్వర్ పిజియన్ 1 షాట్‌గన్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇది 12 గేజ్, ఒకదానిపై ఒకటిగా రెండు బారెళ్లు, 30 అంగుళాల పొడవు. వారాంతాల్లో స్పోర్టింగ్ క్లేస్‌కూ (గాల్లోకి విసిరిన మట్టి బిళ్లలను, అంటే క్లేలను, కాల్చే ఆట), సెప్టెంబరు 1న సీజన్ మొదలయ్యాక పావురాల వేటకూ దీన్నే వాడాలని అనుకుంటున్నాను. తుపాకీతోపాటు మూడు చోక్ ట్యూబులు (బారెల్ కొసను ఇరుకు చేసి, పెల్లెట్లు ఎంత వెడల్పుగా చెదరాలో నిర్ణయించే గొట్టాలు) వచ్చాయి. అవి బారెల్ అంచుతో సమంగా లోపలికి దిగిపోయే రకం కాబట్టి మార్చాలంటే ప్రతిసారీ రెంచి కావాలి. వాటి అంచుల మీద ఒకదానికి రెండు, ఒకదానికి మూడు, ఇంకొకదానికి నాలుగు గాట్లు ఉన్నాయి.

చేత్తో తిప్పి మార్చుకునే పొడవాటి ఎక్స్‌టెండెడ్ ట్యూబులు కొందామని బ్రైలీ, కార్ల్‌సన్స్, ట్రూలాక్ కంపెనీల జాబితాలు చూశాను. ఒక్క బెరెట్టా పేరు కిందనే మొబిల్‌చోక్, ఆప్టిమా చోక్, ఆప్టిమా చోక్ హెచ్‌పీ అని మూడు రకాలు కనిపించేసరికి ఏది నాదో తేల్చుకోలేకపోయాను. అయిదు ట్యూబుల సెట్టు తీసుకోవడం మంచిదా, ఒకటి రెండు సరిపోతాయా? పక్కన చీలికలు ఉండే పోర్టెడ్ ట్యూబుల వల్ల నిజంగా ప్రయోజనం ఉంటుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం (ఫ్రిస్కో నుంచి)

నమస్కారమండీ. ముందు ట్యూబు మరల (తిప్పి బిగించే గాడుల) సంగతి తేల్చుకోండి, కొనడం తరవాత. సిల్వర్ పిజియన్ 1 పాత తుపాకుల్లో మొబిల్‌చోక్, కొత్తవాటిలో ఆప్టిమా చోక్ హెచ్‌పీ వస్తుంది కాబట్టి మోడల్ పేరు చూసి ఆర్డర్ పెట్టడానికి వీల్లేదు. బారెల్ మీద ఏమి రాసి ఉందో చదవండి, ఆపైన మీ దగ్గరున్న ట్యూబు పొడవు కొలవండి. లోపలికి దిగిపోయే రకంలో మొబిల్‌చోక్ 50 మిల్లీమీటర్లు, హెచ్‌పీ 70 మిల్లీమీటర్లు ఉంటుంది. స్కేలు పెట్టి చూస్తే ఒక నిమిషంలో తేలిపోతుంది.

గాట్ల లెక్క చాలామంది అనుకునేదానికి తిరగబడి ఉంటుంది. బెరెట్టాలో ఒక గాటు ఉంటే ఫుల్, రెండు ఇంప్రూవ్డ్ మాడిఫైడ్, మూడు మాడిఫైడ్, నాలుగు ఇంప్రూవ్డ్ సిలిండర్, అయిదు సిలిండర్. గాట్లు పెరిగేకొద్దీ చోక్ వదులవుతుందన్నమాట. కాబట్టి మీకు వచ్చిన మూడూ పనికొచ్చేవే.

మరలు కాస్త పట్టుకున్నంత మాత్రాన ట్యూబు సరిపోయిందని అనుకోకండి, ఈ విషయంలో ఎంత జాగ్రత్త పడినా తక్కువే. ట్యూబు వెనక అంచు లోపలి వ్యాసం బోర్ (బారెల్ లోపలి గొట్టం) వ్యాసం కన్నా రవ్వంత పెద్దదిగా ఉండాలి. అది బోర్‌లోకి పొడుచుకు వచ్చినా, ట్యూబు అడుగుదాకా దిగకుండా వదులుగా మిగిలినా, దూసుకొచ్చే పెల్లెట్ల గుత్తి ఆ అంచును ఢీకొట్టి ట్యూబునూ బారెల్ కొసనూ ఉబ్బించేస్తుంది.

మరలు తేలాక చూడవలసింది అంకె. 12 గేజ్ బోర్ వ్యాసం ప్రమాణంగా 0.729 అంగుళం అంటారు గానీ ఒక్కో తయారీదారు బారెల్ ఒక్కో కొలతలో ఉంటుంది. బ్రౌనింగ్ ఇన్వెక్టర్ ప్లస్ బారెళ్లు 0.740 అంగుళం దాటి ఉంటాయి. బోర్ వ్యాసంలోంచి ట్యూబు నిష్క్రమణ వ్యాసం (పెల్లెట్లు బయటపడే కొస దగ్గరి లోపలి కొలత) తీసేస్తే వచ్చేదే అసలైన ఇరుకు. అది 0.005 ఉంటే స్కీట్, 0.010 ఇంప్రూవ్డ్ సిలిండర్, 0.015 లైట్ మాడిఫైడ్, 0.020 మాడిఫైడ్, 0.025 ఇంప్రూవ్డ్ మాడిఫైడ్, 0.035 ఫుల్. మాడిఫైడ్ అని అచ్చువేసిన రెండు కంపెనీల ట్యూబులు రెండు వేర్వేరు ఇరుకుల్లో ఉండటం మామూలే కాబట్టి, నిష్క్రమణ వ్యాసాన్ని అంకెల్లో చెప్పే కంపెనీ దగ్గరే కొనండి. బ్రైలీ మీ హ్యూస్టన్‌లోనే ఉంది. లేదా దగ్గర్లోని గన్‌స్మిత్ చేత రెండు బారెళ్లూ బోర్ గేజ్‌తో కొలిపించుకోండి.

ఇది చదివేవారిలో హెచ్-1బి మీద ఉన్నవారికి ఒక మాట. నాన్ ఇమిగ్రెంట్ వీసాతో వచ్చినవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు చేతిలో ఉన్నవారికి మినహాయింపు ఉంది. ట్యూబుల దాకా రాకముందే ఆ పని పూర్తిచేసుకోవాలి.

సమాధానం (శాన్ ఆంటోనియో నుంచి)

పై మిత్రులు చెప్పినవన్నీ సరైనవే. అయితే అంకె తెలిసినా పని సగమే అయినట్టు అని నా అభిప్రాయం. ఒకే ట్యూబు ఒక షెల్‌తో (తూటాతో) ఒకలా, ఇంకో షెల్‌తో మరోలా పెల్లెట్లను పరుస్తుంది. సీసంలో యాంటిమొనీ ఎక్కువ కలిపిన గట్టి పెల్లెట్లు పేలుడు ఒత్తిడికి తక్కువగా నలిగి గుండ్రంగానే ఉంటాయి కాబట్టి దగ్గరగా ప్రయాణిస్తాయి. మెత్తనివి చదునై పక్కలకు చెదిరిపోతాయి. చవక ప్రాక్టీసు షెల్ మార్చి మంచి షెల్ వేస్తే చోక్‌ను ఒక మెట్టు బిగించినంత తేడా రావచ్చు.

అందుకని కొత్తవి కొనే ముందు, ఇప్పుడున్న మూడు ట్యూబులనూ కాగితం మీద పరీక్షించండి. నాలుగడుగుల వెడల్పు కాగితాన్ని 40 గజాల దూరంలో బిగించి, మధ్యలో గుర్తు పెట్టి, ఒక్కో కాగితానికి ఒక్క షాటు చొప్పున ఒక్కో ట్యూబుతో కనీసం అయిదు కాగితాలు కాల్చండి. రంధ్రాలు దట్టంగా ఉన్నచోటును కేంద్రంగా తీసుకుని 30 అంగుళాల వలయం గీసి లోపలివి లెక్కపెట్టండి. ఒక ఔన్సు 8వ నంబరు సీసం షెల్‌లో దాదాపు 410 పెల్లెట్లు ఉంటాయి. వాటిలో 205 లోపల పడితే 50 శాతం, అంటే మీ చోక్ పేరు ఏదైనా అది ఇంప్రూవ్డ్ సిలిండర్ పని చేస్తున్నట్టే. మాడిఫైడ్‌కు 60, ఫుల్‌కు 70 శాతం వాడుక లెక్క. వలయం మీరు గురిపెట్టిన గుర్తుకు ఎంత పక్కకు పడిందో కూడా చూడండి, ఎందుకంటే మరలు ఏటవాలుగా కోసిన ట్యూబుకు ఇరుకు సరిగ్గా ఉన్నా ప్యాటర్న్ (పెల్లెట్లు పరుచుకునే తీరు) ఒక పక్కకు వెళుతుంది. కొత్త ట్యూబు చేతికి రాగానే నేను మొదట చూసేది ఇదే.

ఆ తరవాత మీరు కాల్చే దూరం గురించి ఆలోచించండి. స్కీట్ అనే క్లే ఆటలో స్టేషన్ల నుంచి క్లేలు ఒకదాన్నొకటి దాటే బిందువు 21 గజాలు. ట్రాప్ అనే క్లే ఆటలో 16 గజాల గీత మీద నిలబడినా క్లే పగిలేసరికి 30 గజాలు దాటిపోతుంది. స్పోర్టింగ్ క్లేస్‌లో 15 గజాలదీ 45 గజాలదీ ఒకే జతలో రావచ్చు. దీనికి 0.010, 0.015 ఇరుకు ఉన్న రెండు ట్యూబులతో రోజంతా ఆడవచ్చు. ప్రతి స్టేషన్ దగ్గరా ట్యూబు మార్చేవారు తమ శ్రద్ధనంతా క్లే మీద నుంచి తీసి సంచిలో పెట్టినట్టే. అయిదింటి సెట్టు వద్దని నా గట్టి సలహా. ఆ డబ్బుతో షెల్స్ కొనండి.

సమాధానం (కార్పస్ క్రిస్టీ నుంచి)

వేట మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. పావురాలకు ఇంప్రూవ్డ్ సిలిండర్ కింది బారెల్‌లో, మాడిఫైడ్ పై బారెల్‌లో పెట్టి, సెలెక్టర్‌ను కింది బారెల్ మొదట పేలేలా ఉంచండి. మొదటి షాటుకు పిట్ట దగ్గరలో ఉంటుంది, రెండోదానికి దూరమవుతుంది.

రేపు బాతుల వేటకు వెళ్లాలనిపిస్తే మాత్రం లెక్క మారుతుంది. నీటి పక్షుల మీద సీసం వాడకాన్ని 1991 నుంచి దేశమంతటా నిషేధించారు కాబట్టి స్టీల్ వాడక తప్పదు. స్టీల్ నలగదు, అందుకే మాడిఫైడ్ ట్యూబు స్టీల్‌తో దాదాపు ఫుల్‌లా పరుస్తుంది. అదే గట్టితనం బాగా ఇరుకైన ట్యూబును దెబ్బతీస్తుంది. చాలా ఫుల్, ఇంప్రూవ్డ్ మాడిఫైడ్ ట్యూబుల మీద స్టీల్ వాడవద్దని అచ్చువేసే ఉంటుంది. బయటి కంపెనీ ట్యూబు కొనేటప్పుడు స్టీల్‌కు ఏ ఇరుకు వరకు, ఏ సైజు పెల్లెట్ల వరకు అనుమతి ఉందో చదివి మరీ తీసుకోండి. మీ బారెల్ స్టీల్‌కు తగినదేనా అన్నది తుపాకీ మాన్యువల్‌లో చూడండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ ధన్యవాదాలు. నా ట్యూబు 50 మిల్లీమీటర్లే, కాబట్టి మొబిల్‌చోక్ అని ఖాయమైంది. గన్‌స్మిత్ కొలిస్తే రెండు బోర్లూ 0.724 అంగుళం వచ్చాయి. నాలుగు గాట్ల ట్యూబు నిష్క్రమణ వ్యాసం 0.714, అంటే ఇరుకు సరిగ్గా 0.010. ఇక 0.709 వ్యాసం ఉన్న ఎక్స్‌టెండెడ్ ట్యూబు ఒక్కటే కొని, దాన్ని పాత ఇంప్రూవ్డ్ సిలిండర్‌తో జతచేద్దామనుకుంటున్నాను. పోర్టెడ్ తీసుకోవాలా వద్దా అన్నది ఒక్కటే మిగిలింది.

సమాధానం (ఫ్రిస్కో నుంచి)

మంచి నిర్ణయం. పోర్టులు లేనిదే తీసుకోండి. చీలికల్లోంచి వాయువు పక్కలకు పోవడం వల్ల తుపాకీ మూతి ఎగరడం తగ్గుతుందని ప్రకటనల్లో రాస్తారు గానీ, మీ తుపాకీ బరువుకూ ఒక ఔన్సు షెల్‌కూ ఆ తేడా భుజానికి తెలియదు. పక్కన నిలబడినవారి చెవులకు శబ్దం మాత్రం పెరుగుతుంది. చీలికల్లో వాడ్ (షెల్‌లో పెల్లెట్లను పట్టి ఉంచే కప్పు) ప్లాస్టిక్, మసి గడ్డకట్టి శుభ్రం చేయడం కూడా విసుగు పుట్టిస్తుంది.

ట్యూబు వచ్చాక తుపాకీని తెరిచి రెండు బారెళ్లూ ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూసి, మరలను బ్రష్‌తో తుడిచి, చోక్ గ్రీజు పల్చగా రాసి అడుగుదాకా బిగించండి. ఎక్స్‌టెండెడ్ ట్యూబులు కాల్పుల అదురుకు నెమ్మదిగా వదులవుతాయి, కాబట్టి ప్రతి స్టేషన్ దగ్గరా షెల్స్ వేయకముందే ఒకసారి చేత్తో తిప్పి చూసుకోండి. సీజన్ అయిపోయాక ట్యూబులను బారెల్‌లోనే వదిలేయకుండా విప్పి, తుడిచి, గ్రీజు రాసి తిరిగి పెట్టండి. తుప్పుపట్టి బిగుసుకుపోయిన ట్యూబును తీయాలంటే మళ్లీ గన్‌స్మిత్ దగ్గరికే వెళ్లాల్సి వస్తుంది.