ట్రెయిలర్‌కి లోడ్ రేంజ్ ‘సి’ టైర్లు చాలవా, ‘ఇ’కి మారాలా?

రెండిరుసుల బండి:
మాది బండి వెనక కట్టి లాగే ఇల్లులాంటి, రెండు యాక్సిళ్ల (ఇరుసుల) ట్రావెల్ ట్రెయిలర్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. దానికున్నవి ఎస్‌టీ225/75ఆర్15 టైర్లు (ఎస్‌టీ అంటే ట్రెయిలర్లకే చేసినవి), లోడ్ రేంజ్ సి, అంటే టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే తరగతి; సి పైన డి, ఆ పైన ఇ. ఒక్కోటి 50 పీఎస్‌ఐ గాలి ఒత్తిడితో 2,150 పౌండ్లు మోస్తుంది. మొన్న హైవే మీద కుడివైపు వెనక టైరు పేలింది. ఊడిన ట్రెడ్ కొట్టుకుని చక్రం పైన నేల రేకు చిరిగింది, బ్రేకు వైరు తెగింది. ఎవరికీ ఏం కాలేదు గానీ ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. అదే సైజులో లోడ్ రేంజ్ ఇ అయితే 80 పీఎస్‌ఐకి 2,830 మోస్తుందట. మా ఆయన నాలుగూ ఇ వేయిద్దాం అంటున్నారు. గాలి సరిగ్గా చూసుకుంటే సి చాలంటాడు మా అన్నయ్య. మీరేమంటారు?

కాటా మనిషి:
మీ ఆయన మాటే నాదీ. సగటు లెక్క నమ్మి నేను మోసపోయాను. నా ట్రెయిలర్ చక్రాల మీద మొత్తం 7,700 పౌండ్లు. నాలుగుతో భాగిస్తే 1,925, బాగానే ఉందనుకున్నాను. ఒక్కో చక్రాన్నీ విడిగా తూకం వేయిస్తే వంటగది వైపు వెనక చక్రం మీద 2,210 తేలింది. ఫ్రిజ్, పొయ్యి, అల్మరాలు అన్నీ అటే మరి.

ఇంకో సంగతి. రెండు యాక్సిళ్ల బండిని ఇరుకు చోట తిప్పేటప్పుడు కిందికి దిగి చూడండి. టైర్లు దొర్లవు, పక్కకి ఈడ్చుకుపోతాయి. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మెలితిరుగుతుంది. ట్రెడ్ కింద ఉండే బెల్టుల (తీగ పట్టీల) పట్టు సడలేది అక్కడ, ఊడేది ఎప్పుడో హైవే మీద.

నిదానం:
కాటా మనిషి గారి లెక్కతో పేచీ లేదు, చెప్పిన మందుతోనే. అదే సైజు ఇ టైరులో 50 పీఎస్‌ఐ గాలే ఉంచితే అది మోసేది సి మోసినంతే. బరువు మోసేది గాలి. పోనీ 80 పెడితే ట్రెయిలర్ ఎగిరెగిరి పడుతుంది. మా దాంట్లో అల్మరా స్క్రూలు ఊడొచ్చాయి.

టైర్లు ఎక్కువగా పోయేది గాలి తగ్గి వేడెక్కడం వల్ల, వయసు వల్ల, వేగం వల్ల. పాత ఎస్‌టీ టైర్లు చాలావరకు గంటకు 65 మైళ్లకే చేసినవి. సైడ్‌వాల్ మీద డాట్ నంబరులో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. ట్రెడ్ ఎంత కొత్తగా ఉన్నా అయిదారేళ్లు దాటిన టైరును నేను నమ్మను. ముందు టీపీఎంఎస్ పెట్టించండి, గాలి తగ్గగానే హెచ్చరిస్తుంది.

కొత్త ప్రయాణం:
ఎస్‌టీ బదులు ట్రక్కులకు వేసే ఎల్‌టీ టైర్లు వేస్తే?

కాటా మనిషి:
15 అంగుళాల్లో లాభం లేదండీ. ఎల్‌టీ235/75ఆర్15 సి మోసేది 1,985 పౌండ్లే.

నిదానం గారూ, 80 పెట్టమని నేననలేదు. 65 పెడితే ఆ సైజు 2,540 మోస్తుంది. నా 2,210 చక్రానికి 330 పౌండ్ల మిగులు, కుదుపూ తక్కువే. సి టైరులో ఆ గాలి పెట్టలేం, అందుకే మార్చాలంటున్నాను. అయితే ముందు రిమ్ వెనక ముద్ర చూడాలి, అది ఎంత గాలికి, ఎంత బరువుకి చేసిందో. మామూలు రబ్బరు వాల్వులు 65 వరకే, అంతకు మించితే లోహపు వాల్వులు వేయించాలి. పెద్ద టైర్లు వేశాం కదా అని సామాను పెంచకండి. యాక్సిళ్లు, స్ప్రింగులు పాతవే.

టీపీఎంఎస్ విషయంలో నిదానం గారి మాట వినండి.

నిదానం:
65 సరిపోయేట్టయితే లోడ్ రేంజ్ డి ఉండగా ఇ ఎందుకు? డి చేసిందే 65కి.

కాటా మనిషి:
మలుపుల్లో నలిగే సైడ్‌వాల్ గట్టిగా ఉండాలని. డి అయినా నాకు అభ్యంతరం లేదు. సి మాత్రం వద్దు.

రెండిరుసుల బండి:
ముద్రలు చూశాం. పేలిన టైరు 1417. మిగతా మూడూ, స్పేరూ అదే ఏడాదివి. ఇన్నాళ్లూ వాటి మీద పిల్లల్ని తిప్పాం. రిమ్ వెనక 65 పీఎస్‌ఐ, 2,600 పౌండ్లు అని ఉంది, కాబట్టి 80 మాటే లేదు. శనివారం సామానంతా ఎక్కించి ఒక్కో చక్రమూ తూకం వేయిస్తాం. ఏ చక్రమూ 2,300 దాటకపోతే డి వేయిస్తున్నాం, స్పేరుతో కలిపి అయిదూ.